ఒక స్వరం తక్కువ

బాతుల మంద వెనక నిలబడి నిద్రపోవడం మాణిక్యానికి ఆ ఏడు కొత్తగా అబ్బిన విద్య. చేతిలో వెదురుగడ, గడ చివర తెల్లగుడ్డ, కళ్ళు సగం మూత. రెండో పంట దాళ్వా కోతలైపోయిన చేలల్లో ఎనిమిది వందల బాతులు రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ ముందుకు సాగిపోయేవి. ఆమె మాత్రం గట్టు మీద గడకి ఆనుకుని ఎక్కడికో వెళ్ళిపోయేది. మెలకువ వచ్చాక ఆ వెళ్ళిన చోటు గురించి మొగుడు సూరిబాబుకి చెప్పేది.

"నీళ్ళు నిలబడ్డాయయ్యా, గోడలాగ. మన బాతులేమో ఆ నీళ్ళలో పైపైకి ఈదుకుంటా ఎల్లిపోతన్నాయి. పిలవాలనుంటది, పిలవబుద్ధి కాదు. ఎంత బాగుందో."

"బాగానే ఉంటది. నువ్వక్కడ ఈత చూత్తా కూచున్నావు, ఇక్కడ మంద ఎవరిదో చేపల చెరువులో పడింది. ఆ రైతు నా ఏడు తరాలూ తవ్వి పోశాడు," అనేవాడు సూరిబాబు.

మొదట్లో అలసటనుకున్నారు. తర్వాత ఎండదెబ్బ అనుకున్నారు. కడివెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. మోకాళ్ళు, నడుము, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకుని నొప్పెట్టేవి. పొద్దున ఏరిన గుడ్లని మళ్ళీ ఏరడానికి బుట్ట పట్టుకుని బయల్దేరేది. అయినా ఆమె ముఖంలో బాధ కనిపించేది కాదు. ఏదో తీయని కలలో ఉన్నదానిలా నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు చూసే, ఏలూరు ఆసుపత్రిలో పనిచేసే చెల్లెలు కస్తూరికి భయం వేసింది. ఆకివీడు అవతల ఆ గట్టు మీదే కూర్చోబెట్టి, చేతి నుంచి నెత్తురు తీసి, ఏలూరు తీసుకెళ్ళి పరీక్ష చేసింది.

మన మెడలో, థైరాయిడ్ గ్రంథి వెనక, బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి. ఎముకల్లో సున్నం ఎంత ఉండాలి, నెత్తురులో ఎంత ఉండాలి అని చూసే కాపలావాళ్ళు అవి. అందులో ఒకటి బలిసి గడ్డ కట్టిందంటే కంచే చేను మేసినట్టవుతుంది. ఎముకల్లోంచి సున్నం తవ్వి నెత్తురులో పోస్తుంది. మనిషికి నొప్పులు, దాహం, మతిమరుపు, ఆపైన ఈ మగత. పట్టించుకోకపోతే ఒకనాటికి ఆ మగతలోంచి లేవరు. మాణిక్యానికి వచ్చింది అదేనని తేలింది.

సూరిబాబు పెద్ద ఊళ్ళో పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్ళాడు. అక్కడ మెడ కోసి, మూడు గ్రంథుల్ని చూసి, నాలుగోది కనిపించక కుట్టేసి పంపించారు. ఏలూరులో కస్తూరి పనిచేసే ఆసుపత్రి సర్జను ప్రభుదాసుగారు ఆ కుట్టు గుర్తు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఒకసారి తెరిచిన మెడమ్మా. లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. గడ్డ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, తీస్తాను. వెతుక్కోమంటే మాత్రం కత్తి పట్టను. గొంతు నరం తెగితే ఆమె మళ్ళీ మాట్లాడదు."

కస్తూరి పదేళ్ళుగా చేస్తున్న పని సరిగ్గా అదే. దాక్కున్న మెడ గడ్డల్ని, కత్తి పడకముందే, అల్ట్రాసౌండుతో వెతికి చూపించడం. అక్క జబ్బుకీ చెల్లెలి చదువుకీ ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని ఆ ఇద్దరిలో ఎవరనుకున్నారు గనక.

*

ఆసుపత్రి మేడ మీద ప్రయోగశాలలో ఉన్న యంత్రానికి కస్తూరి పెట్టిన పేరు మారుమోత. దాన్ని నడిపే టెక్నీషియను షఫీ. మాట బొంగురు, మనసు మెత్తన. మాణిక్యాన్ని బల్ల మీద పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, మెడ పైకెత్తి వెనక్కి వాల్చాడు.

"కోడిని కోసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడేంటే ఈ అబ్బాయి," అంది మాణిక్యం.

"ఆపరేషన్ బల్ల మీద మెడ ఇలాగే ఉంటుందక్కా. మామూలుగా పడుకోబెట్టి గుర్తు పెడితే, అక్కడ మెడ వంచేసరికి గుర్తు ఒక చోట, గడ్డ ఒక చోట." కస్తూరి చల్లటి జెల్లు పూసి, మెడ మీద ప్రోబు ఆనించింది. తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. మబ్బుల్లో మబ్బు. ఎంత వెతికినా గడ్డ లేదు.

"ఇప్పుడు నోరు మూసుకుని మ్... అని మూలుగు."

"మూలగడానికి ఇంత పెద్ద మిషనెందుకే? ఇంటికాడ రోజూ అదే పని."

మూలిగింది. తెర మీద మబ్బులన్నీ ఒక్కసారిగా పసుపురంగుకి తిరిగాయి. మనిషి గొంతు పలికితే మెడలో ప్రతి పొరా వణుకుతుంది. వణికిన చోటల్లా పసుపు. గట్టిపడిన గడ్డ ఒక్కటే వణకదు, నల్లగా మిగిలిపోతుంది. మారుమోత కిటుకు ఇంతే. అయితే ఒక్కో మెడది ఒక్కో పంతం. కొన్ని మెడలు ఏ స్వరానికైనా పలుకుతాయి. లోతుగా దాక్కున్న గడ్డ బయటపడాలంటే దాని చుట్టూ ఉన్నదంతా నిండుగా వణికే స్వరం ఒక్కటే ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి.

పైకి మూలిగించారు, కిందికి మూలిగించారు. పసుపు పలచగా పొంగి ఆరిపోయింది. షఫీ నుదురు తుడుచుకున్నాడు. కస్తూరి చెయ్యి నొప్పెట్టింది. ఈలోగా మాణిక్యానికి మగత కమ్మింది. ఆ నిలబడ్డ నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయిందో ఏమో, పెదాల మీదికి నవ్వు వచ్చింది. బాతులు మరీ దూరం పోతున్నాయని తోచినట్టుంది, కళ్ళు తెరవకుండానే, కింది స్థాయిలో, నిండుగా పిలిచింది.

"దూ... దూ..."

తెర మొత్తం బంగారంలా వెలిగింది. ఆ బంగారంలో, ఆహారనాళం వెనక, మెడ ఎముక దగ్గర, ఒక నల్లటి గింజ.

"మేడమ్!" అన్నాడు షఫీ.

కస్తూరి కూడా ముందు సంతోషంతో ఎగిరి గంతేయబోయింది. మరుక్షణం అది ఏ స్వరమో తెలిసి, కుర్చీలో కూర్చుండిపోయింది.

*

ఎందుకంటే మారుమోత చూడటానికి ఏమీ తీసుకోదు. గుర్తు పెట్టడానికే తీసుకుంటుంది.

గుర్తు పెట్టేటప్పుడు యంత్రం రోగి పలికిన స్వరాన్ని పట్టుకుని, తిప్పి, వచ్చిన దారినే వెనక్కి పంపిస్తుంది. మెడ నలుమూలలకీ పోయిన కంపనాలన్నీ తిరిగొచ్చి ఆ నల్లటి గింజ దగ్గర కలుస్తాయి. అక్కడ కంటికి కనపడని బుడగలు కొన్ని పుట్టి, మర్నాటిదాకా మినుకుమంటూ ఉంటాయి. మెడ ఎటు వంచినా ఆ మినుకు గడ్డని వదలదు. సర్జను సూటిగా అక్కడికే వెళ్తాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అలా పంపిన స్వరం ఆ మనిషికి మళ్ళీ దక్కదు. గొంతు దాన్ని పలకదు, చెవి దాన్ని వినదు. ఎందుకో కస్తూరికీ తెలియదు. నరాలు ఆ ఒక్క కంపనానికే మొద్దుబారతాయని ఒక ఊహ, అంతే.

ఇన్నాళ్ళూ దాన్ని పెద్ద నష్టంగా ఎవరూ చూడలేదు. వేలకొద్దీ స్వరాల్లో ఒకటి పోతే ఏం? రోగులకి షఫీ చెప్పే మాట ఒకటుండేది: "మీకు అక్కర్లేని స్వరం ఒకటి ఇవ్వండి." జనం నవ్వుకుంటూ ఇచ్చేవారు. ఒకాయనకి బోరు మోటారు రొద వినపడక, ట్యాంకు పొంగి పొరుగింటి బియ్యం తడిశాయి. ఇంకొకావిడ తన మొగుడి గురక మాయమైందని, మారుమోతకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అలాంటి కథలు చెప్పుకుని ప్రయోగశాలలో నవ్వుకునేవారు. కస్తూరి కూడా నవ్వింది.

కింద క్యాంటీనులో ఇడ్లీ పెట్టించి అక్కకి సంగతి చెప్పింది. మాణిక్యం ఇడ్లీ తుంచి చట్నీలో ముంచి, ఆ ముక్కని అలాగే పళ్ళెంలో వదిలేసింది.

"వేరే ఏదన్నా తీసుకోవే. సన్నగా కూత్తాను, లావుగా కూత్తాను. నీ ఇష్టం."

"వేరేదానికి గడ్డ కనపడటం లేదక్కా."

"గుడ్లు దిగే కాలం. ఎనిమిదొందల బాతులు. అవి మనిషిని చూడవు, గడ మీది గుడ్డని చూడవు, ఆ పిలుపొక్కటే. మీ బావ పిలిత్తే తల కూడా ఎత్తవు. రేపు నేను నోరు తెరిత్తే ఏమీ రాకపోతే?" మాణిక్యం పళ్ళెం పక్కకి నెట్టింది. "నిన్ను కూడా దాంతోనే పిలిచేదాన్ని. గుర్తుందా?"

గుర్తు లేకేం. తల్లి పోయేనాటికి కస్తూరి పలక పట్టిన పిల్ల. మాణిక్యానికి అప్పటికి పెళ్ళీడు. చేల మధ్య గుడిసె, చుట్టూ నీళ్ళు, సాయంత్రమైతే ఒకే పిలుపుకి బాతులూ కస్తూరీ కలిసి ఇల్లు చేరేవారు. బాతులతో సమానం చేసిందని కస్తూరి అలిగేది. పెద్దయ్యాక ఇద్దరూ చెరో గట్టు మీద నిలబడి పిలిస్తే, ఎవరిది ఏ గొంతో మంద తేల్చుకోలేక మధ్యలో తిరిగేది.

"ఆపరేసనొద్దు. మందులియ్యి. కోతలన్నీ అయ్యాక చూద్దాం," అని మాణిక్యం లేచింది.

మందులతో ఆగే జబ్బు కాదని కస్తూరి చెప్పింది, బతిమాలింది, అరిచింది కూడా. మాణిక్యం నవ్వుతూ బస్సెక్కి కూర్చుని, బస్సు కదలకముందే నిద్రపోయింది.

*

ఉపాయాలు వెతకకపోలేదు. ఆ పిలుపుని రికార్డు చేసి, షఫీ పెద్ద స్పీకరొకటి మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. మీట నొక్కగానే "దూ... దూ..." అని చేలన్నీ మోగాయి. బాతులు మెడలు సాచి స్పీకరు వైపు ఒకసారి చూశాయి. చూసి, ఒక్కుమ్మడిగా అటువైపు తిరిగి పరుగు లంకించుకున్నాయి. వాటిని కూడగట్టేసరికి సూరిబాబుకి పొద్దు వాలింది.

"డబ్బాలో ఉన్నది పెళ్ళాం కాదని బాతుకి కూడా తెలుత్తంది," అన్నాడు ఆయాసపడుతూ.

మాణిక్యం పగలబడి నవ్వింది. నవ్వుతూనే గట్టు మీంచి జారింది. జారితే ఎవరికైనా బురద అంటుతుంది. ఆమెకి మణికట్టు విరిగింది. సున్నం పోయిన ఎముక బెండులా ఉందని ప్రభుదాసుగారు ఫొటో చూపించారు. నెత్తురులో కాల్షియం ఇంకా పెరిగింది. ఇక ఆలోచించుకోవడానికి వ్యవధి లేదని మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఈసారి మాణిక్యం వాదించలేదు. "తీసుకోవే. ప్రాణం కంటే పిలుపెక్కువా ఏంటి," అంది.

అంది గానీ, ఆకివీడు నుంచి ఏలూరు దాకా కారులో ఆమె నోరు మూతపడలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చేలనీ చెరువుల్నీ చూస్తూ, మెల్లగా ఆ పిలుపునే పిలుస్తూ వచ్చింది. ఖాళీ చేలని పిలిచింది. చేపల చెరువుల మీద తిరిగే కొంగల్ని పిలిచింది. మధ్యలో నిద్రపోయేది, లేచి మళ్ళీ పిలిచేది. ముందు సీట్లో కూర్చున్న కస్తూరికి ఒక్కొక్క పిలుపూ గుండెలో దిగబడింది. ఊరు రాకముందే ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున గుర్తు పెట్టే గదిలో, నొప్పికిచ్చిన మందుతో మాణిక్యం ఒళ్ళెరగక నిద్రపోతోంది. కస్తూరి షఫీకి తన ఆలోచన చెప్పింది.

"ఒకే కడుపున పుట్టిన గొంతులు. ఆ స్వరం నేనూ పలకగలను. నా మెడ ఆమె మెడకి ఆనించి పలుకుతాను. కంపనం ఆమెలోకి దిగుతుంది. తీసుకునేది నా దగ్గర తీసుకుంటుంది."

"మీకు పోతుంది మేడమ్."

"నేనేమన్నా బాతులు కాస్తున్నానా షఫీ?"

అక్కని ఒక మాట అడిగితే బాగుంటుందేమో అని షఫీకి అనిపించింది. పెద్ద మేడమ్‌కి చెప్పేంతవాడినా అనుకుని ప్రోబు చేతిలోకి తీసుకున్నాడు.

కస్తూరి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, తన గొంతుని అక్క గొంతు మీద ఆనించింది. చిన్నప్పుడు చలికి ఇలాగే ముడుచుకుని పడుకునేవారు. అక్క ఒంటి మీద ఇప్పటికీ తడిసిన ఈకల వాసన. కళ్ళు మూసుకుంది. పలికింది. మొదట తన గొంతు వణికింది, తర్వాత అక్క గొంతు వణికింది, కాసేపటికి ఏ వణుకు ఎవరిదో తెలియలేదు. మూసిన కళ్ళ వెనక పచ్చటి నీళ్ళు గోడలా లేచాయి. అందులో ఎన్నో బాతులు, తొందర లేకుండా, పైపైకి ఈదుతున్నాయి. అక్క చెప్పింది నిజమే, ఎంత బాగుందో. దిగిరావాలనిపించలేదు.

"గుర్తు పడింది మేడమ్," అన్న మాట ఎక్కడి నుంచో వినిపించింది. ఆ మాటలో మధ్యమధ్య చిల్లులున్నాయి.

కస్తూరి కళ్ళు తెరిచింది. గది చాలా నిశ్శబ్దంగా ఉంది.

"ఏసీ ఆగిపోయిందా?"

షఫీ పైకి చూశాడు. ఏసీ చక్కగా తిరుగుతోంది.

*

ప్రభుదాసుగారు మినుకు పట్టుకుని సూటిగా వెళ్ళి, శనగగింజంత గడ్డ తీసి పళ్ళెంలో వేశారు. గొంతు నరానికి వెంట్రుకవాసి కూడా తగల్లేదు. మాణిక్యం లేచి మొదట చేసిన పని గొంతు సవరించుకోవడం. రెండో పని, భయంభయంగా, మెల్లగా పిలవడం.

మంచం పక్కన కస్తూరి ఆమె పెదాల కదలిక చూస్తోంది.

"ఉందే! పోలేదే!" మాణిక్యం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"ఈసారి మిషనుకి నీ స్వరం అవసరం పడలేదక్కా," అని అబద్ధమాడింది కస్తూరి. మంచి అబద్ధం ఆడానన్న తృప్తి ఆ రోజంతా ఆమెని వదల్లేదు.

మగత మంచులా విడిపోయింది. మాణిక్యం మళ్ళీ మనుషుల్లో పడింది. మొగుణ్ణి తిట్టింది, గుడ్ల వ్యాపారితో బేరమాడింది, రాత్రి చుట్టూ వల కట్టిన దడిలో బాతుల్ని లెక్కపెట్టింది. ఆ నిలబడ్డ నీళ్ళు మాత్రం ఇక కనపడటం లేదని ఒకటి రెండుసార్లు చిన్నపుచ్చుకుంది. చేలల్లో నాట్లు పడ్డాయి. మంద కొల్లేటి అంచులకి మారింది.

కస్తూరి అక్కడికి వెళ్ళిన సాయంత్రం, నీళ్ళ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. దూరంగా నాచు మధ్య బాతులు చుక్కల్లా కనిపిస్తున్నాయి. అక్క గట్టు చివర నిలబడి, గడ ఎత్తి, నోరు తెరిచింది. ఛాతీ పొంగింది. మెడ మీద మచ్చ సాగింది. ఏమీ వినపడలేదు. ఆ ఏమీ కాని దానికి ఎనిమిది వందల తలలు ఒక్కసారిగా తిరిగాయి. నీళ్ళు చీల్చుకుంటూ మంద మొత్తం అక్క కాళ్ళ దగ్గరికి వచ్చేసింది. కస్తూరి చూస్తూ నిలబడింది. తను అనుకున్నట్టు సంతోషం కలగలేదు. అందరూ లోపలికి వెళ్ళిపోయిన ఇంటి ముందు తనొక్కతే వీధిలో మిగిలినట్టు అనిపించింది.

ఏడుపు కనపడకుండా అటు తిరిగి కొల్లేరు వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది.

"ఎన్నిసార్లు పిలవాలే? ఈపు మీద దోమ వాలినట్టన్నా లేదా నీకు?" మాణిక్యం నవ్వుతోంది. చిన్నప్పటిలా ఆ పిలుపుతోనే పిలిచింది కాబోలు.

"ఏదో ఆలోచిస్తున్నా..."

మాణిక్యం నవ్వు ఆగిపోయింది. చెల్లెలి ముఖంలోకి చూస్తూ, అడుగు దూరంలో నిలబడి, మళ్ళీ నోరు తెరిచింది. బాతులన్నీ కలకలం రేపుతూ ఇద్దరి కాళ్ళ చుట్టూ మూగాయి. కస్తూరి కళ్ళు అక్క పెదాల మీదే ఉన్నాయి, ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు జవాబు చెప్పాలా అని కాచుకున్నట్టు.

"నీది ఇచ్చేశావా?"

కస్తూరి చూపు బాతుల మీదికి దించుకుంది.

"నేను ఇత్తానన్నానుగా! నా నోటితో నేను చెప్పానుగా!" మాణిక్యం గొంతు పెద్దదైంది. "నన్నడిగావా? నిద్రబుచ్చి చేత్తావా ఆ పని?"

"నీ బతుకుతెరువు అక్కా. నాకు దాంతో పనేముంది? నువ్వు కారులో అలా పిలుస్తుంటే చూడలేకపోయాను."

"పిలిచేదానికి గొంతుంటే సరిపోద్దా? పలికేవాళ్ళుండక్కర్లా?" మాణిక్యం గడ నేలకేసి కొట్టింది. బాతులు చెదిరిపోయాయి. "అమ్మ పోయాక ఆ పిలుపు బాతుల కోసం పిలిచాననుకున్నావా? చీకటి పడతంటే నువ్వు ఏ కాలవలో పడ్డావోనని పిలిచేదాన్ని. బాతులు ఎనకాల వచ్చేవి. పో. ఎల్లిపో ఇక్కణ్ణించి."

కస్తూరి ఏలూరు వచ్చేసింది. ఫోను చేస్తే సూరిబాబు ఎత్తేవాడు. అక్క పనిలో ఉందనేవాడు. వెనక నుంచి అక్క గొంతు వినపడుతూనే ఉండేది, కొన్ని మాటలకి చిల్లులు పడి.

ప్రయోగశాలలో ఒక మార్పు వచ్చింది. "మీకు అక్కర్లేని స్వరం ఇవ్వండి" అనడం షఫీ మానేశాడు. వచ్చిన వాళ్ళని ఇంటివాళ్ళతో సహా కూర్చోబెట్టి, మీలో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారు, ఒకసారి పిలవండి అని కస్తూరే అడుగుతోంది. పిల్లలు పిలుస్తారు, ముసలివాళ్ళు పిలుస్తారు. ఆమె అన్నీ యంత్రానికి వినిపించి, వాటి జోలికి పోకుండా గడ్డ దొరికే దారేదైనా ఉందా అని వెతుకుతుంది. దానివల్ల పని నత్తనడక నడుస్తోందని పైవాళ్ళు సణిగారు. సణగనీ అని ఊరుకుంది. రాత్రిళ్ళు ఆ పచ్చటి నీళ్ళు కలలోకి వచ్చేవి. బాతులు పైకి ఈదుతూనే ఉండేవి. వాటిని పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండేవారు కాదు.

*

మార్గశిరంలో సూరిబాబు ఫోను చేశాడు.

"ఓసారి రా మరదలా. మీ అక్క రమ్మనలేదు. నేనే అంటన్నాను."

కస్తూరి వెళ్ళేసరికి తెల్లవారింది గానీ ఏమీ కనిపించడం లేదు. సార్వా పంట కోసిన చేల మీద మంచు దూదిలా పరుచుకుని ఉంది. గట్టు ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో కాళ్ళకే తెలియాలి. నాలుగడుగులు వేసి ఆగింది. వలదడి దగ్గర బాతులు లేవు. ఒక్క బాతూ లేదు. మంద మందంతా ఏమైపోయింది?

మంచులోంచి సూరిబాబు బుట్ట పట్టుకుని వచ్చాడు.

"అమ్మేసింది," అన్నాడు, ఆమె అడగకముందే. "గుడ్లు పెట్టే మందని ఎవరన్నా అమ్ముకుంటారా? అమ్మేసింది. ఆ పిలుపు ఇన్న బాతొక్కటి కూడా ఉండటానికి ఈల్లేదంది. కాదంటే నన్ను కూడా అమ్మేసేలా ఉందని ఊరుకున్నాను."

"ఎందుకు బావా?"

అతను ఇక్కడే ఉండు అన్నట్టు చెయ్యి చూపించాడు.

మంచు అవతల నుంచి ఒక పిలుపు వచ్చింది. పాతది కాదు. బాగా పైస్థాయిలో, సన్నగా, చివరికి వెళ్ళేసరికి చీరుకుపోతూ, "తీ... తీ..." అని. అక్క గొంతుకి ఏమాత్రం కుదరని స్వరం. మధ్యలో దగ్గు. మళ్ళీ పిలుపు. ఒక్క చిల్లు లేకుండా, మొదటి నుంచి చివరిదాకా, మొత్తం వినపడింది.

కస్తూరి కాళ్ళ పక్కనుంచి ఏదో మెత్తగా రాసుకుని పోయింది. వెనక ఇంకొకటి. చూస్తే బాతుపిల్లలు. పసుపుపచ్చ పోయి ఇంకా సరిగా ఈకలు రానివి, వందలకొద్దీ, కీచుమంటూ, పడుతూ లేస్తూ, మంచులోకి ఆ పిలుపు వైపే పరిగెడుతున్నాయి.

"గుడ్డు పగిలిన రోజు నుంచీ ఈ గొంతే," అన్నాడు సూరిబాబు. "నీ చెవిలో పోయింది ఏదో ఆ షఫీకి ఫోను చేసి కనుక్కుంది. దానికి బాగా పైన ఇంకో పిలుపు ఎతుక్కుంది. పైకెక్కేసరికి గొంతు పీక్కుపోతంది, రాత్రిళ్ళు మిరియాలు నవుల్తా కూచుంటది. పిల్లలు కూడా ఇంకా సగం ఇంటాయి, సగం ఇనవు. మొన్న కొన్ని కాలవలో కొట్టుకుపోయాయి."

మంచులోంచి ముందు గడ కనిపించింది, తర్వాత తెల్లగుడ్డ, తర్వాత మాణిక్యం. కాళ్ళ చుట్టూ పిల్లలు. మెడకి మఫ్లరు. చెల్లెల్ని చూసి కూడా చూడనట్టు, ఆయాసం తీర్చుకుని అడిగింది.

"ఇనపడిందా?"

కస్తూరి తల ఊపింది.

"మొత్తం?"

"మొత్తం."

మాణిక్యం మఫ్లరు అంచుతో ముఖం తుడుచుకుంది. అది చెమటో, మంచో, మరొకటో చెప్పలేం. తర్వాత వెనక్కి తిరిగి, రెండు చేల అవతలికి నడిచి, మంచులో కలిసిపోయింది. అక్కణ్ణుంచి మళ్ళీ పిలిచింది. పిల్లలు కొన్ని కదిలాయి, కొన్ని దిక్కులు చూశాయి. కస్తూరి నిలబడే ఉంది.

"ఏంటే, చెట్టులా నిలబడ్డావు? పిలిత్తే రావాలి!" అని మంచులోంచి కేక వచ్చింది.

కస్తూరి చెప్పులు గట్టు మీద వదిలేసి, పిల్లల వెనకే బురదలోకి దిగింది.